పొదలు ఎండిన చోట చెట్లు మళ్లీ మొలుస్తున్నాయా? లెక్క చూడటం ఎలా?

వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేస్తే కడప జిల్లా లంకమల కొండల్లో పెద్ద చెట్లు ఆకు రాల్చి ఓర్చుకుంటాయి. వాటి కింది పొదలు మాత్రం చాలాచోట్ల పుల్లలై మిగులుతాయి. పొద పోతే నేలకు ఎండ తగులుతుంది, విత్తనాలకు మంచిదే కదా అంటారు. అది సగం నిజం. ఎర్రచందనం మొక్కకు వెలుతురు కావాలి, నీడ కమ్మితే ఎదగదు. కానీ మొదటి వేసవిలో దాన్ని కాచేది కూడా ఆ ముళ్లపొదే. మేక మూతిని రానివ్వదు, నేల తడిని త్వరగా ఆరనివ్వదు. ఏది ఎక్కువ పనిచేసిందో లెక్కపెడితేనే తెలుస్తుంది.

ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోండి. ఎర్రచందనం అడవిలో తాడు, టేపు పట్టుకుని తిరిగేవారిని ఎవరైనా అనుమానిస్తారు.

తర్వాత పొదలు చచ్చిన చోట అయిదు, బతికున్న చోట అయిదు గడులు ఎంచుకోండి. వాలు, రాతినేల, పైచెట్ల దట్టం రెండింటా ఒకేలా ఉండాలి. ఒకటి వాగు ఒడ్డున, ఒకటి కొండ నెత్తిన అయితే తేడా పొదలదో నీళ్లదో తేలదు. గడి 10 మీటర్ల చదరం. ఐమూలగా 14.14 మీటర్లు రాకపోతే ఏదో మూల తప్పినట్లే.

ఇక లెక్క. తికమకంతా ఇక్కడే. కనిపించిన ప్రతి చిన్న మొక్కా గింజ నుంచి మొలిచింది కాదు. మొక్క మొదలు దగ్గర మట్టిని వేలితో మెల్లగా తొలగించి చూడండి. కొత్త మొలకకు దారంలాంటి వేరు నిట్టనిలువుగా దిగుతుంది. అడ్డంగా లావుపాటి పాత వేరు తగిలితే అది పిలక. వేరు లావుగా, నిలువుగా ఉండి కాడ మాత్రం సన్నగా ఉంటే, వేసవిలో పైభాగం ఎండి వానలకు మళ్లీ చిగురించిన మొక్క కావచ్చు. మూడింటినీ పుస్తకంలో వేర్వేరుగా రాయండి. చూశాక మట్టి మళ్లీ కప్పేయండి. ఎత్తు, మేసిన గుర్తు, కాలిన మచ్చ, పక్కన లంటానా అనే కలుపుపొద ఉందా అన్నవి కూడా రాసుకోండి. పొదలు వదిలిన ఖాళీని చెట్టు కన్నా ముందు ఆక్రమించేది తరచూ లంటానాయే.

డిసెంబరులో ఒకసారి, మే చివర మరోసారి లెక్కించండి. మొదటిసారి నేను వానలయ్యాక ఒకసారి వెళ్లి, పచ్చదనం చూసి మురిసిపోయాను. వేసవిలో అదే గడిలో గుర్తు పుల్లలే నిలబడి ఉన్నాయి. లెక్కించిన మొక్కను మళ్లీ గుర్తుపట్టేందుకు వాడే రేకును మొక్క కాడకు కట్టకండి, పక్కన గుచ్చిన పుల్లకు కట్టండి.

సున్నా వచ్చినా రాయండి. అయితే ముందు నేల వెతకండి. రెక్క అంచుతో బిళ్లలా ఉండే ఎర్రచందనం కాయలు అసలే కనిపించకపోతే ఆ ఏడు పైచెట్లు కాయలేదేమో చూడాలి, నెపం పొదల మీద వేయకూడదు.

కొలతకు అడ్డమని ఎండిన పొదను మాత్రం నరకకండి. చచ్చిన ముళ్లు కూడా కొంతకాలం మేకలను ఆపుతాయి.