నేరుగా సమాధానం దొరకనప్పుడు క్లయింటుకు నివేదిక రాయడం ఎలా

క్లయింటు అడిగిన ప్రశ్నకు ఎంత వెతికినా సూటి సమాధానం దొరకని సందర్భం పరిశోధన వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఎదురవుతుంది. అప్పుడు చాలామంది దొరికిన సమాచారాన్నంతా పేజీలకు పేజీలు పేర్చి, అసలు ప్రశ్నకు జవాబు రాలేదన్న సంగతిని చివరి పేరాలో ఎక్కడో ఒక మెత్తని వాక్యంగా చేర్చి ఊరుకుంటారు. ఇది క్లయింటుకు అన్యాయం చేయడమే. మొదటి పేజీ చదివి నిర్ణయం తీసుకునే వ్యక్తికి ఆ వాక్యం చేరనే చేరదు. కాబట్టి నివేదిక మొదటి వాక్యంలోనే "మీరు అడిగిన ప్రశ్నకు నేరుగా సమాధానమిచ్చే ఆధారం మాకు దొరకలేదు" అని రాసి, ఆ వెంటనే దొరికినదానితో ఎంతవరకు చెప్పగలమో రెండు మూడు వాక్యాల్లో చెప్పాలి. క్షమాపణలు అక్కరలేదు.

నివేదిక మొదలుపెట్టే ముందు ప్రశ్ననే మరోసారి పరీక్షించాలి. ఒక ప్రత్యేకమైన పరికరం ఏటా ఎన్ని అమ్ముడవుతుందో క్లయింటు అడిగి ఉండవచ్చు. కానీ గణాంకాలు సేకరించే సంస్థలు దాన్ని విడిగా లెక్కించకుండా, పది రకాల పరికరాలతో కలిపి ఒకే వర్గంగా చూపుతుండవచ్చు. ఈ విషయం తెలిసిన రోజునే క్లయింటుకు తెలియజేసి, ఏ నిర్ణయం కోసం ఆ సంఖ్య కావాలో అడగాలి. తరచుగా వారికి కావలసింది కచ్చితమైన అంకె కాదు, తాము అనుకుంటున్న స్థాయి సరైనదా కాదా అన్న నిర్ధారణ మాత్రమే. గడువు రోజున చెప్తే ఆశాభంగమయ్యే కబురే, సగం దారిలో చెప్తే పనికొచ్చే సలహా అవుతుంది.

ఇక అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసింది "లేదు", "దొరకలేదు" అన్న రెండు మాటల విషయంలో. మొదటిది ప్రపంచం గురించిన మాట, రెండవది మన వెతుకులాట గురించిన మాట. పేటెంట్ల శోధన దీనికి మంచి ఉదాహరణ. పేటెంట్ దరఖాస్తులు సాధారణంగా మొదటి దాఖలు తేదీ నుంచి 18 నెలలు గడిచిన తరువాతనే ప్రచురితమవుతాయి. అంటే ఈ రోజు ఎంత శ్రద్ధగా వెతికినా, గత ఏడాదిన్నరలో వేసిన దరఖాస్తుల్లో అధిక భాగం ఎవరికీ కనబడదు. "ఇటువంటి ఆవిష్కరణపై పేటెంట్ లేదు" అని రాసిన పరిశోధకుడు తనకు తెలియని విషయానికి హామీ ఇచ్చినవాడవుతాడు. "ఫలానా తేదీ వరకు ప్రచురితమైన దరఖాస్తుల్లో ఇటువంటిది మాకు కనబడలేదు" అని రాసినవాడు మాత్రం నిజం చెప్పినవాడవుతాడు.

నమూనా చూసి చెప్పేటప్పుడు ఇదే జాగ్రత్తను అంకెల్లోనే చూపవచ్చు. యాదృచ్ఛికంగా ఎంచిన 300 ఫైళ్లలో ఒక్క లోపం కూడా కనబడకపోతే, లోపాలే లేవని అర్థం కాదు. నమూనా సంఖ్యతో మూడును భాగించే ప్రసిద్ధమైన సూత్రం ప్రకారం, మొత్తం ఫైళ్లలో లోపాలు సుమారు 1 శాతానికి మించవని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. చూసినవి 30 మాత్రమే అయితే ఆ గరిష్ఠ పరిమితి దాదాపు 10 శాతానికి చేరుతుంది. ఈ ఒక్క అంకెతో క్లయింటుకు మన మాట బరువు ఎంతో తెలుస్తుంది.

ఎక్కడెక్కడ వెతికామో రాయకపోతే "దొరకలేదు" అన్న మాటకు విలువ ఉండదు. చూసిన డేటాబేసుల పేర్లు, వాడిన శోధన పదాలు, ఏ సంవత్సరాల మధ్య, ఏ భాషల్లో, ఏ తేదీన వెతికామన్నది ఒక అనుబంధంలో ఇవ్వాలి. వైద్య పరిశోధనల సమీక్షలకు వాడే ప్రిస్మా మార్గదర్శకాలు, 2020లో సవరించిన రూపంలోనూ, ఎన్ని పత్రాలు దొరికాయో, ఎన్నిటిని ఏ కారణంతో తీసివేశారో చూపే పటాన్ని కోరుతాయి. చిన్న నివేదికకు అంత అవసరం లేకపోయినా ఆ క్రమాన్ని పాటించడం మంచిది. చందా లేక చదవలేకపోయినవి, అడిగినా జవాబు ఇవ్వనివారు కూడా అందులో ఉండాలి. వాటిని దాచిపెట్టాలన్న ప్రలోభం బలంగానే ఉంటుంది.

ఆ తరువాతి భాగం నివేదికకు గుండెకాయ వంటిది. ఉప్పునీటిలో ఒక పైపు పూత ఎన్నేళ్లు మన్నుతుందని క్లయింటు అడిగారనీ, మనకు మంచినీటిలో జరిపిన పరీక్షలు, ఉప్పునీటిలో మరో పూతపై జరిపిన పరీక్షలు మాత్రమే దొరికాయనీ అనుకుందాం. రెండిటినీ కలిపి ఒక అంచనా చెప్పవచ్చు, చెప్పాలి కూడా. అయితే పత్రాలు చెప్పినది ఒక పేరాలోనూ, దాన్నిబట్టి మనం ఊహించినది మరో పేరాలోనూ ఉండాలి. ఆ ఊహ దేనిమీద ఆధారపడిందో, ఏది మారితే కూలిపోతుందో చెప్పాలి. రెండూ ఒకే వాక్యంలో కలిసిపోతే, కొన్ని నెలల తరువాత మన ఊహనే క్లయింటు రుజువైన వాస్తవంగా మరొకరికి చూపుతారు.

నమ్మకం స్థాయిని తెలిపే మాటలకు కొలత ఇవ్వాలి. 1951లో యుగోస్లావియాపై దాడి జరగడం "తీవ్రమైన అవకాశం" అని అమెరికా గూఢచార అంచనా ఒకటి పేర్కొంది. దాని రచనలో పాల్గొన్న షెర్మన్ కెంట్ ఆ మాటకు అర్థమేమిటని సహచరులను అడిగితే, వారి జవాబులు 20 శాతం నుంచి 80 శాతం దాకా ఉన్నాయి. కలిసి రాసినవారికే అంత తేడా ఉంటే చదివేవారి సంగతి చెప్పనక్కరలేదు. వాతావరణ మార్పుపై పనిచేసే ఐపీసీసీ తన నివేదికల్లో ఇటువంటి మాటలకు హద్దులు పెట్టుకుంది: "సంభావ్యం" అంటే కనీసం 66 శాతం, "చాలా సంభావ్యం" అంటే కనీసం 90 శాతం. మన నివేదికలోనూ వాడిన మాటల అర్థం ఒక్క వరుసలో చెప్పవచ్చు.

చివరగా, ఈ ప్రశ్నకు జవాబు రావాలంటే ఏం చేయాలో రాయాలి: నిపుణులతో సంభాషణా, కొత్త సర్వేనా, ప్రయోగశాల పరీక్షా, దానికి పట్టే సమయమెంత, ఫలితం వచ్చే అవకాశమెంత. ఇంకా వెతకడం వల్ల ప్రయోజనం లేదని మనకు అనిపిస్తే, అదనపు ఫీజు పోతుందని సంకోచించకుండా ఆ మాటే చెప్పాలి. కొత్త ఆధారం వెలువడే అవకాశం ఉన్నచోట, ఏ తేదీ తరువాత మళ్లీ వెతకడం మేలో కూడా నివేదికలోనే నమోదు చేయాలి.