ముప్పై దాటాక మొటిమలు, వాటి మచ్చలు: నేను పాటించే పద్ధతి

ముప్పై దాటాక వచ్చే మొటిమలు మొండివి. నాకైతే దవడ వెంబడే వస్తాయి, అదీ నెలసరికి ముందు. కొత్తవి ఆగకుండా మచ్చలకు ఎంత రాసినా వృథా, కాబట్టి ముందు మొటిమల పని.

రాత్రి ముఖం కడిగి, పూర్తిగా ఆరాక, 0.1 శాతం అడాపలిన్ జెల్ బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పల్చగా రాస్తాను. మొటిమ మీద చుక్క పెడితే లాభం లేదు. ఇది రాబోయేవాటిని ఆపే మందు. మొదట్లో రోజు విడిచి రోజు చాలు. చర్మం మండుతుంది, పొట్టు లేస్తుంది. పైన మాయిశ్చరైజర్ రాయండి. తేడా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. ఈలోపే విసిగి ట్యూబు పారేయకండి! గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు దీన్ని వాడకూడదు. దానికి బదులు అజెలాయిక్ యాసిడ్ అనే మందు గురించి డాక్టర్‌ని అడగండి. అది మచ్చలనూ తగ్గిస్తుంది.

మొటిమలకు రాసే మరో మందు బెంజాయిల్ పెరాక్సైడ్ అయితే 2.5 శాతం చాలు. అది తగిలితే రంగు తువ్వాళ్లు, దిండు గలీబులు వెలిసిపోతాయి, తెల్లవి వాడుకోండి.

మచ్చలకు సన్‌స్క్రీన్ లేకుండా ఏ సీరమూ పనిచేయదని నా గట్టి అభిప్రాయం. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 లేదా ఆపైన ఉండాలి. ఐరన్ ఆక్సైడ్ కలిసిన టింటెడ్ (చర్మపు రంగులో ఉండే) రకమైతే ఇంకా మేలు, ఎందుకంటే కంటికి కనిపించే వెలుతురు కూడా మచ్చను ముదురు చేస్తుంది. గిల్లడం మానాలి, చెప్పక్కర్లేదనుకోండి. తెల్లబరుస్తామనే స్టెరాయిడ్ క్రీముల జోలికి అసలు పోవద్దు, అవే మొటిమలు తెప్పిస్తాయి.

మొటిమలు మిగిల్చిన గుంటలు క్రీములతో పూడవు, అది డెర్మటాలజిస్టు పని. నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తుంటే హార్మోన్ పరీక్షలు చేయించుకోండి.