స్క్రోల్ సా బ్లేడు ఊడిపోతుంటే

సన్నని నగిషీ సగంలో ఉండగా స్క్రోల్ సా (సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కను వంపులుగా కోసే యంత్రం) పైభాగపు బిగింపులోంచి బ్లేడు టప్పున ఊడి వచ్చేది. యంత్రం ఆపి, మళ్లీ బిగించి, కాస్త కోశానో లేదో మళ్లీ అదే కథ. స్క్రూను ఇంకా గట్టిగా తిప్పితే సరిపోతుందని చాలామంది అంటారు. దానివల్ల స్క్రూ అరగడమే తప్ప పట్టు పెరగదు.

అసలు దోషి నూనె. తుప్పు పట్టకుండా కొత్త బ్లేడ్లకు పలుచగా నూనె పూసి పంపుతారు. ప్లగ్గు పీకేసి, బ్లేడు రెండు కొసలనూ స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, 220 నంబరు ఉప్పు కాగితంతో అర అంగుళం మేర గరుకు చేశాను. టార్చి వేసి చూస్తే, బిగింపులో స్క్రూ కొన ఆనే చోటు అద్దంలా నున్నబడి మెరుస్తోంది. ఉప్పు కాగితాన్ని మడిచి ఆ సందులో ఆడిస్తే మెరుపు పోయింది. ఆ తర్వాత బ్లేడు ఊడలేదు.

బిగువు విషయంలో నాకు చెవి మీదే నమ్మకం. వేలితో మీటితే బ్లేడు ఖంగుమని మోగాలి. మొద్దుగా పలికితే వదులుగా ఉన్నట్టే. పళ్ల మొనలు కిందికి ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

కోత గీత నుంచి ఒక పక్కకు లాగుతుంటే మాత్రం యంత్రాన్ని తిట్టకండి. అచ్చుతో కొట్టి చేసిన బ్లేడుకు ఒక అంచున గరుకు మిగిలి, అటువైపే ఎక్కువగా తెగుతుంది. చెక్కను కొంచెం వాలుగా నెడితే గీత మీదే నడుస్తుంది. గట్టి చెక్క అంచులు మాడుతుంటే పైన ప్యాకింగ్ టేపు అంటించి కోయండి.