వీధిలో మనిషికి తగిలే వేడిని ఎలా కొలవాలి?

వాతావరణ కేంద్రం చెప్పే ఉష్ణోగ్రత నీడలో తీసుకున్నది. గాలి ఆడే తెల్ల పెట్టెలో థర్మామీటర్ పెట్టి చూస్తారు. బస్టాప్‌లో నిలబడ్డ మనిషికి పైనుంచి ఎండ, కిందినుంచి తారురోడ్డు సెగ, పక్కనుంచి గోడ వేడి కూడా తగులుతాయి. కాబట్టి గాలి ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగంతో పాటు ఆ సెగనూ కొలవాలి. చాలామంది వదిలేసేది దాన్నే. ఎండలో అసలు తేడా అక్కడే ఉంటుంది.

చోటు ఎంచుకోండి. ఒకే వీధిలో ఎండలో ఒకటి, చెట్టు నీడలో ఒకటి చాలు. పరికరాలు నేల నుంచి 1.1 మీటర్ల ఎత్తున ఉండాలి. మీ నీడ వాటి మీద పడకుండా చూసుకోండి.

నల్ల గోళం పెట్టండి. ఎండ, రోడ్డు, గోడల సెగను కొలిచేది ఇదే. ప్రామాణిక గోళం 150 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పలుచని రాగి బంతి. దానికి మెరుపులేని నల్ల రంగు వేసి, సరిగ్గా మధ్యలో థర్మామీటర్ కొనను ఉంచుతారు. అది దొరక్కపోతే పింగ్‌పాంగ్ బంతికి అదే రంగు వేసి, సెన్సర్ దూర్చి, రంధ్రం మూసేయండి. రెండు చోట్లను పోల్చడానికి ఇది బాగానే పనికొస్తుంది. కాకపోతే చిన్న బంతిని గాలి తొందరగా చల్లారుస్తుంది కనుక ఎండలో రీడింగు పెద్ద గోళం కన్నా తక్కువ వస్తుంది. పెద్ద గోళం కుదురుకోవడానికి 20 నిమిషాలు ఇవ్వండి. అందాకా నోట్‌బుక్ తెరవక్కర్లేదు.

తడి బల్బు. తేమ ప్రభావాన్ని పట్టేది ఇది. థర్మామీటర్ బల్బుకు నూలు గుడ్డ చుట్టి, దాని కొనను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచండి. దీనికి నీడ పట్టొద్దు, విసరొద్దు. ఎండా గాలీ ఎలా తగిలితే అలా తగలనివ్వాలి. గాలి ఉష్ణోగ్రత చూసే థర్మామీటర్‌కు మాత్రం నీడ తప్పనిసరి, గాలి ఆడాలి కూడా.

లెక్క కట్టండి. ఈ మూడు రీడింగులనూ కలిపి మనిషికి తగిలే వేడిని ఒక్క అంకెలో చెప్పే డబ్ల్యూబీజీటీ అనే సూచికకు తడి బల్బు రీడింగును 0.7తో, గోళం రీడింగును 0.2తో, గాలి ఉష్ణోగ్రతను 0.1తో గుణించి కలపాలి. ఉదాహరణకు ఎండలో ఇవి వరుసగా 27, 52, 38 డిగ్రీలు అనుకుందాం. మొత్తం 33.1 వస్తుంది. నీడలో 26, 39, 37 అయితే 29.7. గాలి ఉష్ణోగ్రతలో తేడా ఒక్క డిగ్రీయే, సూచికలో 3.4!

ఐఎస్ఓ 7243 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఎండకు అలవాటుపడిన మనిషికి ఈ సూచికలో హద్దు విశ్రాంతిలో 33, తేలికపాటి పనికి 30, మధ్యస్థంగా కష్టపడే పనికి 28. అంటే మన ఎండ చోటులో ఊరికే కూర్చున్నా హద్దు దాటినట్టే. నీడలో తేలికపాటి పని నడుస్తుంది, బరువులు మోయడం కుదరదు.

గాలి వేగం కూడా కొలిచి ఉంటే యూటీసీఐ అనే మరో సూచిక చూడొచ్చు. బయటి వాతావరణం ఒంటికి ఎన్ని డిగ్రీల్లా అనిపిస్తుందో అది చెబుతుంది. చేత్తో లెక్కకట్టేది కాదు, కాలిక్యులేటర్ కావాలి. అందులో 32 దాటితే ఒంటి మీద తీవ్రమైన వేడి ఒత్తిడి, 38 దాటితే అతి తీవ్రం, 46 పైన విపరీతం. అది అడిగేది 10 మీటర్ల ఎత్తులో గాలి వేగం. చేత్తో పట్టుకునే గాలి మీటర్ అంకెను నేరుగా ఇస్తే ఫలితం తప్పుతుంది.

మనుషుల్ని అడగండి. 'చాలా చలి' నుంచి 'చాలా వేడి' దాకా ఏడు మెట్ల స్కేలు చూపించి, ఇప్పుడెలా ఉందో చెప్పమనండి. వేసుకున్న బట్టలు, ఎంతసేపటి నుంచి బయట ఉన్నారన్నదీ రాసుకోండి. అప్పుడే ఏసీలోంచి వచ్చినవాళ్ల జవాబును, అరగంటగా ఎండలో నిలబడ్డవాళ్ల జవాబును ఒకే లెక్కలో కలపకూడదు.