వ్యానుకు సెకండ్‌హ్యాండ్ సైడ్ మిర్రర్ కొనేటప్పుడు

ఇరుకు సందులో ఎదురొచ్చిన ఆటో తగిలి గానీ, సంత దగ్గర నిలిపి ఉంచినప్పుడు పక్కనుంచి పోయే ట్రాలీ రాసుకుని గానీ వ్యాను సైడ్ మిర్రర్ విరిగిపోవడం తరచుగా జరిగేదే. 1984లో మార్కెట్లోకి వచ్చిన మారుతి వ్యాను తరువాత ఓమ్ని పేరుతో బడిపిల్లలను, పాల క్యాన్లను, పెళ్ళి సామాన్లను మోస్తూ మన ఊళ్ళలో స్థిరపడింది. 2019లో దాని తయారీ ఆగిపోయినా ఆ బండ్లు ఇంకా రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. అలాంటి బండికి గానీ, 2010లో వచ్చిన మారుతి ఈకో వ్యానుకు గానీ వేరే బండి నుంచి విప్పిన మిర్రర్ తెచ్చి బిగించుకోదలచినవారు విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత సామాను కొట్లకు బయలుదేరే ముందు, అసలు ఏది పాడైందో నిదానంగా చూసుకోవాలి.

పగిలింది అద్దం ఒక్కటే అయి, వెనుక ప్లాస్టిక్ కప్పు, దానిని మోసే చెయ్యి, తలుపుకు ఆనుకుని ఉండే బేస్ బాగుంటే, మొత్తం మిర్రర్ కొనవలసిన పని లేదు. కొలత ప్రకారం అద్దం ముక్క దొరుకుతుంది, దానిని అతికించుకోవచ్చు. విరిగింది చెయ్యి గానీ కీలు గానీ అయితే మాత్రం అతుకుల మీద నమ్మకం పెట్టుకోకూడదు. జిగురుతో నిలిపిన కీలు మొదటి గతుకు దగ్గరే తల వాల్చేస్తుంది.

కొట్టుకు వెళ్ళేటప్పుడు విరిగిన మిర్రర్‌ను ముక్కలతో సహా సంచిలో వేసుకుని వెళ్ళడం అన్నిటికన్నా మంచి పద్ధతి. ఫోనులో ఫోటో చూపిస్తే కొట్టతను 'అదే సార్, సరిపోతుంది' అంటాడు గానీ, బోల్టు రంధ్రాల మధ్య దూరం, బేస్ వంపు ఫోటోలో తెలియవు. కుడి ఎడమల లెక్క ఎప్పుడూ డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకు చూస్తున్నట్టుగానే వేస్తారు. బండికి ఎదురుగా నిలబడి చూసి 'ఎడమది' అని అడిగి, తీరా ఇంటికి వచ్చాక అది క్లీనరు సైడుదని తెలిసి, మళ్ళీ బస్సెక్కి వెళ్ళిన అనుభవం నాకు ఉంది. అప్పటి నుంచి నేను కుడి, ఎడమ అనే మాటలే వాడకుండా డ్రైవరు సైడు, క్లీనరు సైడు అనే అడుగుతున్నాను. చాలా మిర్రర్ల వెనుక ఆర్‌హెచ్ (కుడి) లేదా ఎల్‌హెచ్ (ఎడమ) అనే అచ్చు ఉంటుంది, అదీ చూసుకోవాలి.

కొనేవారు సాధారణంగా ముందు అద్దం మెరుపు చూస్తారు. నా దృష్టిలో అది చివర చూడవలసినది, ఎందుకంటే మసకబారిన అద్దాన్ని మార్చుకోవచ్చు గానీ బిగువు పోయిన కీలును నిలబెట్టడం కష్టం. బేస్‌ను ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో కప్పును పైకీ కిందికీ, లోపలికీ బయటికీ నెమ్మదిగా తిప్పాలి. కదిలించినప్పుడు కొంచెం బరువుగా, అన్ని వైపులా ఒకే తీరుగా కదిలి, వదిలిన చోటే నిలిస్తే కీలు బాగున్నట్టు. ఒక చోట పట్టేసి మరో చోట జారిపోతున్నా, ఊపినప్పుడు లోపల టకటకమని చప్పుడు వస్తున్నా, స్ప్రింగు సాగిపోయిందనో, కీలు లోపలి ప్లాస్టిక్ గిన్నె అరిగిపోయిందనో అనుమానించాలి. ఆ తర్వాత బేస్‌ను బల్ల అంచుకు ఆనించి వేళ్ళతో గబగబా తడుతూ అద్దంలో కనిపించే దూరపు వస్తువును గమనించాలి. బొమ్మ వణికి వెంటనే నిలిస్తే ఫరవాలేదు. అద్దం కోణమే మారిపోతే, ఇంజిను అదురుకు అది అర కిలోమీటరు కూడా నిలవదు. బోల్టు రంధ్రాల చుట్టూ సన్నని పగుళ్ళు ఉన్నాయేమో గోటితో తడిమి చూడాలి, ఎందుకంటే నల్ల రంగు కొత్తగా పూసిన మిర్రర్లో పగుళ్ళు కంటికి ఆనవు.

అద్దం విషయంలో చూడవలసినవి రెండే. అంచుల నుంచి నల్ల మచ్చలు పాకుతూ ఉంటే వెనుక పూత తేమకు పోతున్నదని అర్థం. రెండవది, ఎవరైనా అసలు అద్దం స్థానంలో మామూలు చదును అద్దం కోసి పెట్టారేమో చూడాలి. సైడ్ మిర్రర్లకు సాధారణంగా కుంభాకార దర్పణం, అంటే మధ్యలో బయటికి ఉబ్బిన అద్దం ఉంటుంది; అది వస్తువులను చిన్నవిగా, ఉన్నదాని కన్నా దూరంగా చూపిస్తూ ఎక్కువ వెడల్పును చూపుతుంది. స్టీలు స్కేలును అద్దం మీద అంచున నిలబెడితే, కుంభాకార దర్పణమైతే మధ్యలో తగిలి రెండు చివర్లా సన్నని వెలుతురు సందు కనిపిస్తుంది. చదును అద్దమైతే స్కేలు మొత్తం అతుక్కుని నిలుస్తుంది. అలాంటిది పక్క లేనులో దగ్గరగా వచ్చే మోటారు సైకిలును దాచేస్తుంది.

లోపలి నుంచి స్విచ్‌తో తిప్పే మిర్రర్లు, ఇండికేటరు ఉన్న మిర్రర్లు ఉన్న వ్యాన్లకైతే కప్లరులోని (వైర్లను కలిపే ప్లాస్టిక్ ముక్కలోని) పిన్నుల సంఖ్యను, అమరికను పాత దానితో పోల్చి, కొట్టులోనే 12 వోల్టుల బ్యాటరీ పెట్టి తిప్పి చూపించమనాలి. వైరు కత్తిరించి తీసిన మిర్రర్ వద్దనడమే మేలు.

ధర మాట్లాడే ముందు కొత్త మిర్రర్ ధర ఎంతో ఏదైనా స్పేర్ పార్టుల దుకాణంలో కనుక్కోవాలి. మోటారు లేని మామూలు మిర్రర్‌కు కొత్త దాని ధరలో సగానికి మించి ఇవ్వడం నాకు సమంజసంగా తోచదు. అయితే పాతదైనా కంపెనీ మిర్రర్ కీలు బలంగా ఉంటే, చవక రకం కొత్త డూప్లికేటు కన్నా దానినే ఎంచుకుంటాను. బిల్లు తప్పక అడగాలి, బిల్లు పుస్తకం లేకపోతే తెల్లకాగితం మీదైనా కొట్టు పేరు, తేదీ రాయించుకోవాలి. రోడ్డు పక్కన చేతిలో పట్టుకుని కొట్టు ధరలో సగానికే ఇస్తామనేవారి దగ్గర కొనకూడదు. దొంగ సొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం.

బిగించేటప్పుడు, చాలా వ్యాన్లలో లోపలి వైపు ఉండే ప్లాస్టిక్ మూతను గుడ్డ చుట్టిన స్క్రూడ్రైవరుతో మెల్లగా లేపి, నట్టు తలుపు లోపలికి జారిపోకుండా కింద గుడ్డ కుక్కి మరీ విప్పాలి. బేస్ కింది రబ్బరు వేయకపోతే వానాకాలంలో ఆ సందు నుంచే నీరు దిగి తలుపు తుప్పు పడుతుంది. అద్దం సర్దుకునేటప్పుడు మన బండి పక్క భాగం సన్నని గీతలా మాత్రమే కనిపించి, దూరపు రోడ్డు అద్దం మధ్యకు రావాలి. అద్దె బండ్లకు, బడి వ్యాన్లకు ఫిట్‌నెస్ తనిఖీలో ఈ అద్దాలను కూడా చూస్తారు. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా వాహనానికి ఆ తనిఖీ ఏటా ఉంటుంది కనుక, గడువు దగ్గర పడినవారు తనిఖీకి వారం ముందే బిగించుకుని, ఆ వారం నడిపాక బోల్టులను మరొకసారి బిగించాలి. విరిగిన మిర్రర్ పారేయకుండా అందులోని స్ప్రింగు, రబ్బరు, మరలు విప్పి డబ్బాలో వేసి ఉంచుకోవాలి. కొని తెచ్చిన దానిలో ఏదో ఒకటి తక్కువ ఉండడం మామూలే.