గ్రాండ్ టీటన్ శిఖరాన్ని గైడ్‌తో ఎక్కడం ఎలా? శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెళ్లేవారికి

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో గ్రాండ్ టీటన్ జాతీయ పార్కు ఉంది. అందులో 4,199 మీటర్ల ఎత్తున్న గ్రాండ్ టీటన్ శిఖరాన్ని, ఇంతకుముందు ఎన్నడూ రాతిని ఎక్కని వ్యక్తి కూడా, ఆరోగ్యం బాగుండి నాలుగైదు నెలలు పట్టుదలగా సాధన చేస్తే, అనుభవం గల గైడ్ వెంట ఎక్కవచ్చు. అయితే గైడ్ చేతిలోని తాడు మనల్ని పైకి లాగడానికి కాదు, కాలు జారితే ఆపడానికి మాత్రమే. ఎక్కవలసింది మన కాళ్లే కాబట్టి పని ఇంటి దగ్గరే మొదలవుతుంది.

ముందుగా కాళ్లను సిద్ధం చేసుకోండి

శిఖరానికి దారి మొదలయ్యే మైదానమే సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన ఉంటుంది. మన ఉత్తరాంధ్రలో ఏ కొండ కొసా అంత ఎత్తుకు చేరదు. అక్కడి నుంచి మొదటి రోజే, దాదాపు పదకొండు కిలోమీటర్లు నడిచి, మరో 1,500 మీటర్లు పైకి వెళ్లి, లోయర్ శాడిల్ అనే కనుమలో రాత్రి బస చేయాలి.

విజయనగరం వారికి రామతీర్థం బోడికొండ మెట్లు ఇందుకు మంచి సాధన. వారానికి మూడు రోజులు, ఎండ ఎక్కకముందే, మొదట ఖాళీ వీపుతో, నెల తర్వాత ఎనిమిది కిలోల సంచితో ఎక్కి దిగండి. ఒకసారి ఎక్కి ఆగిపోకుండా మూడు నాలుగు సార్లు తిరగండి. దిగేటప్పుడు పరుగెత్తవద్దు, ఎందుకంటే మోకాళ్లు బలపడేది నెమ్మదిగా దిగినప్పుడే. శ్రీకాకుళం వారు శాలిహుండం కొండను ఇలాగే వాడుకోవచ్చు. ఇవి బౌద్ధ, జైన అవశేషాలున్న చోట్లు కాబట్టి మెట్లూ బాటా దాటి రాళ్ల మీదికి పోకూడదు.

రాతిని ఎక్కడం నేర్చుకోవడానికి తెలంగాణలోని భువనగిరికి వెళ్లండి. కోట ఉన్న ఆ ఏకశిల మీద శిక్షణ పొందినవారిలో 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఉన్నారు. అక్కడ కొద్ది రోజులు గడిపినా కాలికింద రాయి అంటే భయం చాలావరకు తగ్గుతుంది.

వెళ్లేలోపు ఉద్దానంలో కొబ్బరికాయలు దింపే మనిషిని ఒకసారి దగ్గర నిలబడి గమనించండి. అతని చేతులు చెట్టును పట్టుకుంటాయి కానీ ఒంటిని లాగవు. పాదాలు కాండాన్ని అదిమి నిలిచాకే మోకాళ్లు నిటారవుతాయి, ఒళ్లు పైకి లేస్తుంది, ఆ తర్వాతే చేతులు జరుగుతాయి. రాతి మీద సూత్రం కూడా ఇదే. నేను శిక్షణ మొదటి రోజున చేతుల బలంతోనే పాకడం వల్ల గంటలోపే ముంజేతులు రాయిలా బిగుసుకుపోయి, నీళ్ల సీసా మూత కూడా తిప్పలేకపోయాను. మర్నాడు చూపును పాదాల మీద నిలిపి, బూటు ముందు భాగాన్ని రాతికి అదిమి, మడమ కిందికి దించి ఎక్కినప్పుడు అదే వాలు తేలికగా అనిపించింది.

గైడ్‌ను ఎంచుకోవడం

ఈ పార్కులో డబ్బు తీసుకుని గైడ్ పని చేయాలంటే పార్కు అధికారుల అనుమతి ఉండాలి, కాబట్టి అనుమతి ఉన్న సంస్థతోనే మాట్లాడండి. ఎక్కేందుకు అనువైన కాలం జూలై మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారాల వరకే ఉంటుంది కనుక చాలా నెలల ముందే తేదీలు ఖాయం చేసుకోవాలి. ఒక గైడ్ తాడుకు ఎందరిని కడతారో, వాతావరణం చెడితే డబ్బు సంగతి ఏమిటో అడగండి. నా మటుకు ఒక గైడ్‌కు ఇద్దరే ఉండటం మంచిదని చెబుతాను. కొండ మీది రక్షణ ఖర్చులు వర్తించే ప్రయాణ బీమా తప్పనిసరి. కీళ్ల నొప్పులు, ఉబ్బసం, రక్తపోటు లాంటివి ఉంటే దాచకుండా ముందే చెప్పాలి.

ఎక్కే రోజుకు మూడు నాలుగు రోజుల ముందే ఆ ప్రాంతానికి చేరుకోండి. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, నిద్రలేమి వచ్చే అవకాశం ఉంటుంది. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటానికి కావలసింది సమయమే.

శిక్షణ రోజుల్లో నేర్చుకోవలసినవి

కొత్తవారికి సాధారణంగా రెండు రోజుల శిక్షణ ఇచ్చి, ఆ తర్వాతే శిఖరానికి తీసుకువెళతారు. అన్నిటికంటే శ్రద్ధగా నేర్చుకోవలసింది తాడును నడుము పట్టీకి (హార్నెస్) కట్టే ఎనిమిది అంకె ముడి. బిగించాక ముడిలో ప్రతిచోటా రెండేసి తాళ్లు మెలిపడకుండా పక్కపక్కనే కనబడాలి, చివర జానెడు తాడు మిగలాలి. మీ ముడిని జోడీ మనిషి, అతని ముడిని మీరు, కళ్లతో చూసి వేళ్లతో తడిమి సరిచూడాలి. క్యారబైనర్ అనే లోహపు కొక్కెం మరను తిప్పి బిగించాక ఒకసారి నొక్కి, తెరుచుకోవడం లేదని నిర్ధారించుకోవాలి. తాడును పట్టే పనిని బిలే అంటారు. కింద ఉన్నవారు తాడు జారకుండా ఆపే బ్రేకు చేతిని తాడు మీద నుంచి ఒక్క క్షణం కూడా తీయకూడదు.

మాటలు కూడా ముడంత ముఖ్యమైనవే. ‘ఆన్ బిలే?’ అని అడిగాక, తాడు పట్టి సిద్ధంగా ఉన్నామని చెప్పే ‘బిలే ఆన్’ అన్న జవాబు వినబడేవరకు రాతి మీద కాలు పెట్టవద్దు. గాలి హోరులో వినబడకపోతే ఊహించుకోకుండా మళ్లీ అరిచి అడగండి.

శిఖరం రోజు

తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలోనే తల దీపాలు పెట్టుకుని బయలుదేరతారు. కారణం పిడుగులు. వేసవిలో ఆ కొండల మీద మధ్యాహ్నానికి మబ్బులు కమ్మి ఉరుములు మొదలవుతాయి, ఆ వేళకు శిఖరం దిగి ఉండాలి. 2010 జూలై 21న గ్రాండ్ టీటన్ మీద పిడుగులు పడి ఒకరు మరణించారు, పలువురు గాయపడ్డారు. ఉరిమితే పొలం వదిలి పరుగెత్తే మన రైతులకు ఈ జాగ్రత్తను వివరించి చెప్పనక్కర లేదు. శిఖరం కనబడుతున్నా సరే, గైడ్ వెనక్కి తిరగమంటే వాదించకుండా తిరగండి. నెలల సాధన, డబ్బు ఆ క్షణంలో గుర్తుకు వచ్చి మనసు గింజుకుంటుంది. అయినా ఆ నిర్ణయం అతనిదే.

దారిలో తరచుగా నీళ్లు తాగుతూ, గంటకోసారి చిన్న నువ్వుల ఉండ తింటూ ఉండండి. మలవిసర్జనకు ఇచ్చే సంచులను తిరిగి కిందికి మోసుకురావాలి. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి ఆహారాన్ని పార్కు వారు చెప్పిన పెట్టెల్లోనే ఉంచాలి.

దిగడం

దిగే దారిలో ఒకచోట దాదాపు 35 మీటర్లు తాడు మీద జారుతూ దిగాలి. దీన్ని ర్యాపెల్ అంటారు. కొంత దూరం పాదాలకు రాయి అందదు, గాలిలో వేలాడతారు. అంచు దగ్గర వెనక్కి వాలి మొత్తం బరువును తాడుకు అప్పగించే ఆ మొదటి అడుగే కష్టం. కూర్చున్న భంగిమలో ఉండండి, కాళ్లు వెడల్పుగా పెట్టండి, జుట్టు, కండువా తాడు దూరిన పరికరంలో చిక్కకుండా లోపలికి దోపండి, కింది చేతిని నడుము పక్కనే ఉంచి తాడును కొద్దికొద్దిగా వదలండి.

లోయర్ శాడిల్ చేరాక తాడు విప్పుతారు, ఇంకా మైదానం దాకా నడక మిగిలే ఉంటుంది. అలసిన కాళ్లు తడబడేది ఈ రాళ్ల బాటలోనే. అక్కడ పావుగంట కూర్చుని నీళ్లు తాగి, పాదం బూటులో ముందుకు జారకుండా లేసులు మళ్లీ బిగించి కట్టుకోండి. అలా చేయకపోతే కిందికి చేరేసరికి బొటనవేళ్ల గోళ్లు నల్లబడతాయి.