లావుగా ఉన్న పెద్దవాళ్ళు లోపల చిక్కిపోతున్నారా? టేపు పెట్టి చూడండి

నేను దర్జీని. ముప్పై ఏళ్ళుగా మెడలో టేపు వేలాడుతూనే ఉంటుంది. అయినా మా అమ్మ చిక్కిపోతోందని నాకై నేను కనిపెట్టలేదు. ఒకరోజు జాకెట్టు తెచ్చిచ్చి, "చేతులు లూజయ్యాయిరా, కాస్త కుట్టు వెయ్యి" అంది. నడుం దగ్గర మాత్రం ఎప్పటి బిగుతే. కొలతల పుస్తకం తీసి చూశాను. పోయినేడాది చేతి చుట్టుకొలత 14 ఇంచులు, ఇప్పుడు 12 ముప్పావు. నడుం తగ్గింది అర ఇంచే.

అప్పటిదాకా అందరం సంతోషంగానే ఉన్నాం. అమ్మకి 72 ఏళ్ళు, ఎత్తు 152 సెంటీమీటర్లు. బరువు 82 కిలోల నుంచి ఐదు నెలల్లో 76కి దిగింది. వచ్చినవాళ్ళంతా "సన్నబడ్డారు, మోకాళ్ళకి మంచిదే" అన్నారు. మేం చూపించే డాక్టరు కూడా మెచ్చుకున్నాడు. ఎలా తగ్గిందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఒంట్లో కొవ్వు ఎంత నిల్వ ఉన్నా ప్రొటీన్‌కి విడిగా గోదాం లేదు, ఉన్నదల్లా కండే. తిండి తగ్గినా, దానికి తోడు జ్వరమో ఇన్‌ఫెక్షనో వచ్చినా శరీరం ఆ కండనే కరిగించుకుంటుంది. పైన కొవ్వు కప్పి ఉండడంతో అది కంటికి ఆనదు.

ముందు బరువు లెక్క చూడండి. ఎంత ఉన్నారన్నది కాదు, కావాలని తగ్గించుకోకుండా ఎంత పోయిందన్నది ముఖ్యం. ఆరు నెలల్లో 5 శాతం దాటి తగ్గితే పోషణ లోపాన్ని అనుమానించాలి. అమ్మకి 82లో 6 కిలోలు, అంటే 7 శాతం పైనే. పెద్దవాళ్ళ పోషణ చూడడానికి ఎంఎన్ఏ అని 14 మార్కుల చిన్న ప్రశ్నపత్రం ఉంది. 11 లేదా అంతకన్నా తక్కువొస్తే జాగ్రత్తపడాలి. అందులో బీఎంఐ (కిలోల బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 ఉన్నా, దాటినా ఆ ప్రశ్నకి మూడుకి మూడు మార్కులూ వేసేస్తారు. అమ్మ బీఎంఐ దాదాపు 33, కాబట్టి అక్కడ ఫుల్ మార్కులు! తిండి, బరువు తగ్గడం గురించిన ప్రశ్నల దగ్గరే బండారం బయటపడింది.

ఇక టేపు పని. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి పాదాలు నేలకి ఆనించమనండి. పిక్క ఎక్కడ బాగా లావుగా ఉందో అక్కడ టేపు చుట్టండి. కాస్త పైన, కాస్త కింద కూడా కొలిచి పెద్ద అంకె రాసుకోండి. టేపు చర్మానికి ఆనాలి గానీ నొక్కకూడదు. బిగించి లాగితే సెంటీమీటరు దొంగ లెక్క వస్తుంది, కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్ళందరూ చేసే తప్పే ఇది. లావుగా ఉన్నవాళ్ళకి ఆ అంకెలోంచి కొవ్వు వాటా తీసెయ్యాలి: బీఎంఐ 25 నుంచి 30 లోపుంటే 3 సెంటీమీటర్లు, 30 నుంచి 40 లోపుంటే 7. మిగిలింది ఆడవాళ్ళకి 33, మగవాళ్ళకి 34 సెంటీమీటర్లకి మించకపోతే కండ తక్కువన్నమాట. అమ్మ పిక్క 38 వచ్చింది. ఏడు తీసేస్తే 31.

కొలిచే ముందు చీలమండ పైన బొటనవేలితో కొన్ని క్షణాలు నొక్కి చూడండి. గుంట అలాగే ఉండిపోతే అది నీరు. అప్పుడు పిక్క కొలతా, బరువూ రెండూ నమ్మడానికి లేదు, డాక్టరుకి చూపించాల్సిందే.

తర్వాత కుర్చీ. చేతులు గుండెల మీద కట్టుకుని, ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోమనండి. పక్కనే నిలబడండి, వాళ్ళు పడిపోవచ్చు. 15 సెకన్లు దాటితే కాళ్ళలో బలం తగ్గినట్టు. అమ్మ మొదటిసారి లేవడానికే కుర్చీ చేతులు పట్టుకుంది.

కారణం వెతకడం మాత్రం కొలతలంత సులువు కాదు. మూడు రోజులు ఏం తిన్నారో రాయండి. మీరు వడ్డించింది కాదు, కంచంలో మిగిలింది తీసేసి రాయాలి. మా కాగితంలో ఉన్నదంతా మెత్తటిదే, టీలో ముంచిన బిస్కెట్లతో సహా. కట్టుడు పళ్ళు వదులయ్యాయట, నమిలితే నొప్పట. "చెబితే మళ్ళీ నీకు ఖర్చని ఊరుకున్నా" అంది. పైగా మోకాళ్ళకి బరువు తగ్గాలని ఎవరో చెప్పారని రాత్రి భోజనం మానేసింది. మీ ఇంట్లో కారణం వేరే ఉండొచ్చు: రుచి తెలియకపోవడం, మలబద్ధకం, దిగులు, ఒంటరిగా తినడం, ఆకలి చంపే మందులు. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతుంటే విటమిన్ బీ12 తగ్గిందేమో పరీక్ష అడగండి. లావుగా ఉన్నవాళ్ళలో విటమిన్ డీ కూడా తరచుగా తక్కువే ఉంటుంది. ఇక కారణమేమీ కనబడకుండా బరువు పోతుంటే ఇంట్లో ప్రయోగాలు చేయకండి, లోపల ఇంకేదైనా జబ్బు ఉందేమో చూడాలి.

పెద్దవాళ్ళకి సాధారణంగా రోజుకి కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. బాగా లావుగా ఉన్నవాళ్ళకి మొత్తం బరువుతో గుణించరు, సరిచేసిన బరువుతో, అంటే ఎత్తుకి ఉండాల్సిన బరువు వైపు తగ్గించిన అంకెతో లెక్క వేస్తారు. డైటీషియన్ అమ్మకి 65 గ్రాములని రాసింది. కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క మారిపోతుంది, అడగకుండా పెంచకండి. గుడ్డులో దాదాపు 6 గ్రాములు, గ్లాసు పాలలో 6, 7 ఉంటాయి. అంతా ఒకే పూట కాకుండా మూడు పూటలకీ పంచాలి. కంచంలో ముందు ప్రొటీన్ తినమనండి, ఆకలి తీరాక అది మిగిలిపోతుంది.

కఠినమైన డైటింగ్ మాత్రం వద్దు. మోకాళ్ళ కోసం నిజంగా బరువు తగ్గాల్సి వస్తే, అది నెమ్మదిగా, కండకి పని చెప్పే వ్యాయామంతో కలిపి, డాక్టరు చూస్తుండగా జరగాలి. అమ్మ వ్యాయామం ఆ కుర్చీయే. పొద్దున, సాయంత్రం లేచి కూర్చోవడం. "నన్ను బడిపిల్లని చేశావురా" అని తిడుతూనే లెక్క తప్పకుండా చేస్తుంది.

పళ్ళు సరిచేయించి మూడు నెలలైంది. బరువు 77. కుర్చీ దగ్గర చేతులు పట్టుకోకుండా ఐదుసార్లకి 17 సెకన్లు. పోయినవారం జాకెట్టు చేతుల కుట్టు పావు ఇంచు విప్పాను. నడుం దగ్గర ముట్టుకోలేదు.